పాతది వదలని మనసుకు టారో, ఒరకిల్ కార్డులు: 21 రోజుల పని, అంచెలంచెలుగా

"కార్డులు తీశాం, పుస్తకంలో అర్థం చదివాం, కాసేపు ఏడ్చాం కూడా. తెల్లారి లేస్తే మళ్ళీ అదే గోల." తిరుపతి, చిత్తూరు వైపు టారో (బొమ్మల కార్డులు చూసి మనసులో మాట చదువుకునే పద్ధతి) నేర్చుకునేవాళ్ళు పదేపదే అడిగేది దీని గురించే. లోపం కార్డుల్లో ఉండదు, పని చేసే వరసలో ఉంటుంది.

గుడి బయట చిలక తీసే కార్డుతో దీన్ని కలపకండి. చిలక జోస్యం రేపటి మాట చెబుతుంది. ఇక్కడ రేపటి ఊసే లేదు. ఒక బొమ్మను ఎదురుగా పెట్టుకుని, గొంతు దాకా వచ్చి ఆగిన మాటను కాగితం మీదికి లాగడమే పని.

ఇంకో సంగతి మొదటే చెప్పుకుందాం. పాత విషయం ఊరికే మనల్ని అంటిపెట్టుకుని ఉండదు. అది మనకేదో పని చేసిపెడుతూ ఉంటుంది. మళ్ళీ మోసపోకుండా కాపలా కాస్తుంది, లేదా పోయిన మనిషిని దగ్గరే ఉంచుతుంది, లేదా "తప్పు నాది కాదు" అని రోజూ సాక్ష్యం చెబుతుంది. ఆ పనేమిటో తేలకుండా "వదిలెయ్, వదిలెయ్" అంటే మనసు వినదు. కింద చెప్పే అంచెలన్నీ దాన్ని తేల్చడానికే.

1. ఏది వదలాలో ఒక్క వాక్యంలో రాయండి

"గతాన్ని వదిలేయాలి" అని కూర్చుంటే పని సాగదు. ఒక్క సంఘటన తీసుకోండి. పదిహేను మాటలు దాటకుండా రాయండి. సీసీ కెమెరాకు ఏం కనబడేదో, ఏం వినబడేదో అంతే రాయాలి.

ఉదాహరణ: "బంగారుపాళ్యం దగ్గరి మామిడితోటను అన్న నాకు చెప్పకుండా అమ్మేశాడు."

కింద ఒక గీత గీసి రెండో వాక్యం రాయండి. ఇది కెమెరాకు దొరకని మాట, మన మనసు కట్టుకున్న మాట: "నన్ను ఇంటి మనిషిగా లెక్కపెట్టలేదు."

మొదటి వాక్యం జరిగిపోయింది, దాన్ని ఎవరూ ఏమీ చేయలేరు. మన పనంతా రెండో వాక్యంతోనే.

ఇప్పుడు ఆ విషయం తలుచుకుంటే ఎంత బరువుగా ఉందో 0 నుంచి 10 లోపు ఒక అంకె వేయండి. మొదటిసారి చేసేవాళ్ళు 4, 5, 6 బరువున్న విషయమే ఎంచుకోవాలి. 2 అయితే కార్డులు అక్కర్లేదు. 8, 9 అయితే ఒంటరిగా కూర్చోకండి.

ఈ పని ఇప్పుడు వద్దు అనాల్సిన సందర్భాలు:

- ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరగకపోతే. మాసికాలు, సంవత్సరీకం పెట్టే ఇంట్లో దుఃఖానికి ఒక దారి ముందే వేసి ఉంది. అప్పుడే వదలాల్సిందంటూ ఏదీ లేదు.
- బాధపెట్టే మనిషి ఇంకా అదే ఇంట్లో ఉండి, ఇంకా బాధపెడుతూ ఉంటే. అది గతం కాదు.
- నిద్ర, తిండి పోయినా, బతుకు మీద విసుగు పుట్టినా. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. తిరుపతిలో ఉన్నవాళ్ళకు రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

2. సామాన్లు

- 78 కార్డుల టారో కట్ట ఒకటి. రైడర్ వెయిట్ (బాగా వాడుకలో ఉన్న టారో బొమ్మల తీరు) బొమ్మలున్నదే తీసుకోండి. అందులో చిన్న కార్డులు అని పిలిచే 56 కార్డులకు కూడా మనుషులు, నది, ఇల్లు, ఆకాశం ఉన్న పూర్తి బొమ్మ ఉంటుంది. కొన్ని కట్టల్లో అయిదు గిన్నెలు బొమ్మ వేసి వదిలేస్తారు, వాటితో ఈ పని కాదు.
- ఒరకిల్ కట్ట ఒకటి (బొమ్మతో పాటు తరచూ సందేశం కూడా అచ్చు వేసి ఉండే కార్డులు). ఉంటే మంచిది, లేకపోయినా నడుస్తుంది.
- నూలు దుప్పటి లేదా పాత పంచె. పట్టుబట్ట, నైలాను మీద కార్డులు జారిపోతాయి.
- గీతల నోటుబుక్కు, పెన్సిలు. పెన్సిలే ఎందుకో తొమ్మిదో అంచెలో తెలుస్తుంది.
- గడియారం. ఫోన్‌లో అలారం పెడితే ఫోన్ చేతిలోకి వస్తుంది, ఆపైన కార్డులు పక్కకు పోతాయి.

కట్ట కొనగానే లెక్కపెట్టండి. పెద్ద కార్డులు 22, చిన్నవి 56. చిన్నవాటిలో వాండ్స్ (కర్రలు), కప్స్ (గిన్నెలు), స్వోర్డ్స్ (కత్తులు), పెంటకల్స్ (నాణేలు) అని నాలుగు రకాలు, ఒక్కో రకానికి 14. చవక కట్టల్లో ఒక కార్డు రెండుసార్లు వచ్చి ఇంకొకటి లేకపోవచ్చు.

పేకముక్కలతో చేయొచ్చా అంటే, హార్ట్స్‌ను కప్స్‌గా, ఇస్పేటును స్వోర్డ్స్‌గా అనుకుని కొందరు చేస్తారు. జోస్యానికి సరిపోతుందేమో గానీ, మనకు కావాల్సింది కళ్ళతో వెతుక్కునే బొమ్మ. అది పేకలో లేదు.

3. చోటు, వేళ

గంట సేపు ఎవరూ పిలవని వేళ చూసుకోండి. నలుగురున్న ఇంట్లో అది తెల్లవారుజామున దొరుకుతుంది, లేదా మధ్యాహ్నం పెద్దవాళ్ళు నడుం వాల్చినప్పుడు. పడుకునే ముందు మాత్రం వద్దు. తవ్విన విషయాన్ని తీసుకుని నిద్రలోకి పోతాం.

సీలింగ్ ఫ్యాను తగ్గించండి. పెద్ద వేగం మీద ఉంటే కార్డులు తిరగబడతాయి, "ఇదేదో సూచన" అనే అనుమానం అదనం. ఎండాకాలంలో ఫ్యాను ఆపి మిద్దె మీద కూర్చుంటే చెమట చేతులకు కార్డులు అతుక్కుంటాయి, కాబట్టి ఇంట్లోనే కిటికీ పక్కన కూర్చోండి. కార్తీకం వానల్లో కార్డులు ఉబ్బి ఒకదానికొకటి పట్టుకుంటాయి. మూత గట్టిగా పట్టే డబ్బాలో, చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి వేసి దాచండి.

దీపం పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకోండి. కర్పూరం, నూనె, కుంకుమ మాత్రం దుప్పటికి మూరెడు దూరంలో ఉండాలి. ఒక కార్డు మీద కుంకుమ మరక పడితే వెనకవైపు నుంచే దాన్ని గుర్తుపట్టేస్తాం, కలిపినా లాభం లేదు.

ఇంట్లో పెద్దవాళ్ళు "పేకాటా? చేతబడా?" అని అడుగుతారు. దాచకండి. బొమ్మలు చూసి డైరీ రాసుకుంటున్నానని చెప్పి నాలుగు కార్డులు చేతికివ్వండి. దాచి చేస్తే భయం రెండు వైపులా పెరుగుతుంది.

4. మొదటి రోజు: కార్డులు తెరిచి ఏరుకోండి

చాలామంది పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. కళ్ళు మూసుకుని కార్డు లాగుతారు. వచ్చింది అతకకపోతే బలవంతాన అతికిస్తారు. మొదటి కార్డును తెరిచి, చూసి, మీరే ఏరుకోవాలి.

1. 78 కార్డులూ బొమ్మ పైకి ఉండేలా చేతిలో పట్టుకుని ఒక్కొక్కటే కింద పెడుతూ పోండి. ఒక్కో కార్డుకు మూడు నాలుగు సెకన్లు చాలు. మొత్తం అయిదు నిమిషాలు.
2. కంటికి తగిలినదాన్ని పక్కకు తీయండి. ఎందుకని అడుక్కోవద్దు.
3. పక్కకు తీసినవి పదో పదిహేనో ఉంటాయి. రెండోసారి చూసి మూడుకు తగ్గించండి. మూడిట్లో ఒకటి ఉంచండి. "ఆ రోజు నా పరిస్థితి ఇది" అనిపించేదే ఆ కార్డు.
4. పుస్తకం ముట్టుకోకుండా ఏడు నిమిషాలు బొమ్మ చూసి రాయండి: బొమ్మలో ఎవరున్నారు, ఎటు చూస్తున్నారు, చేతిలో ఏముంది, వీపు వెనక ఏముంది.

ఈ చివరి ప్రశ్నను దాటేయకండి. పాత విషయాల్లో చిక్కుకున్నవాళ్ళు తరచూ ఏరే కార్డుల్లో అసలు సంగతి వెనకాలే ఉంటుంది.

ఫైవ్ ఆఫ్ కప్స్‌లో నల్ల దుప్పటి కప్పుకున్న మనిషి ఒలికిపోయిన మూడు గిన్నెలనే చూస్తూ ఉంటాడు. వెనక రెండు గిన్నెలు నిలబడే ఉన్నాయి, నది మీద వంతెన కూడా ఉంది. ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్‌లో కళ్ళకు గంతలు కట్టిన ఆడమనిషి చుట్టూ ఎనిమిది కత్తులు. పాదాలకు కట్టు లేదు, ముందు దారి ఖాళీగానే ఉంది. టెన్ ఆఫ్ స్వోర్డ్స్‌లో వీపున పది కత్తులు దిగిన మనిషి పడి ఉంటాడు. ఆకాశం పైన నల్లగా, అడుగున పసుపు పచ్చగా ఉంటుంది. ఫోర్ ఆఫ్ పెంటకల్స్‌లోని మనిషి ఒక నాణేన్ని నెత్తిన పెట్టుకుని, ఒకదాన్ని గుండెకు హత్తుకుని, రెండింటిని కాళ్ళ కింద తొక్కిపట్టి కూర్చున్నాడు. ఏదీ పోలేదు, కానీ లేచి నడవలేడు.

సిక్స్ ఆఫ్ కప్స్‌తో కాస్త జాగ్రత్త. పిల్లలు, పూల గిన్నెలు, పాత ఇల్లు. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. మంచి జ్ఞాపకం కూడా పట్టుకుని కూర్చోబెట్టగలదు, చెడ్డదానికంటే గట్టిగా.

డెత్ కార్డులో తెల్ల గుర్రం మీద అస్థిపంజరం కనిపించగానే కట్టలోంచి తీసేసేవాళ్ళున్నారు. ఉండనివ్వండి. ఆ బొమ్మలో దూరంగా రెండు బురుజుల మధ్య సూర్యుడున్నాడు, గుర్రం ముందు భయపడకుండా ఒక పాప ఉంది. మనిషి చావును చెప్పే కార్డుగా దాన్ని మామూలుగా చదవరు, ముగిసిపోయిన దశగానే చదువుతారు.

5. మూడో రోజు: అయిదు కార్డుల వరస

మధ్యలో ఒక రోజు విడిచిపెట్టండి. మొదటి రోజు ఏరుకున్న కార్డును ఎడమ చివర తెరిచి పెట్టండి. మిగతా 77 కార్డులను బోర్లించి దుప్పటి మీద పరిచి, పప్పు నేమినట్టు రెండు చేతులతో ఒక నిమిషం కలపండి. తలకిందులైన కార్డుల అర్థాలు ఇప్పుడు వద్దు, అన్నీ నిలువుగానే చదవండి. నాలుగు కార్డులు తీయండి.

- కార్డు 1: ఆ రోజు ఏం జరిగింది? (ఏరుకున్నది)
- కార్డు 2: ఇప్పటికీ నేను ఏం పట్టుకుని ఉన్నాను?
- కార్డు 3: పట్టుకుని ఉంటే నాకు ఒరిగేదేమిటి?
- కార్డు 4: అందుకు నేను పోగొట్టుకుంటున్నదేమిటి?
- కార్డు 5: నేను చేయగల చిన్న పని ఏది?

పెట్టేది ఈ వరసలోనే. చదివేది మాత్రం 1, 2, 4, 3, 5. ముందే "నీకు ఒరిగేదేమిటి" అని అడిగితే మనసుకు తిట్టినట్టుంటుంది, తలుపు వేసేసుకుంటుంది. పోగొట్టుకుంటున్నది ముందు చూశాక మూడో కార్డు దగ్గర నిజం పలుకుతుంది.

మామిడితోట ఉదాహరణే తీసుకుందాం. ఏరుకున్నది ఫైవ్ ఆఫ్ స్వోర్డ్స్, ఒకడు కత్తులు పోగేసుకుంటుంటే ఇద్దరు తల వంచుకుని వెళ్ళిపోతున్న బొమ్మ. రెండో చోట ఫోర్ ఆఫ్ పెంటకల్స్ వచ్చింది: తోట పోయినా, దాని లెక్క గుండెకు హత్తుకునే ఉంది. నాలుగో చోట త్రీ ఆఫ్ కప్స్: ముగ్గురు గిన్నెలెత్తి ఆడుతున్నారు, అంటే అన్న వస్తాడని పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసింది ఆ వాక్యం రాసిన మనిషే. మూడో చోట జస్టిస్: తక్కెడ, కత్తి. ఇక్కడే ముడి విడుతుంది. "నేను మరిచిపోతే ఆయన చేసింది అన్యాయమని చెప్పేవాళ్ళే ఉండరు." ఆ పాత కోపం సాక్షి పని చేస్తోంది. అలాంటి కోపాన్ని "పోనీలే" అంటే పోదు. సాక్ష్యాన్ని ఎక్కడో రాసిపెట్టాలి, అప్పుడే సాక్షికి సెలవు దొరుకుతుంది.

అయిదు కార్డులకూ కలిపి పాతిక నిమిషాలు. అయ్యాక ఒక ఫోటో తీసి ఉంచండి, పిల్లలో గాలో వరస చెదరగొడితే పనికొస్తుంది.

6. నాలుగు నుంచి ఏడో రోజు: రాత

మూడో కార్డును ఎదురుగా పెట్టుకుని రోజుకు 15 నిమిషాలు, వరసగా నాలుగు రోజులు రాయండి. 1986లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నీబేకర్ బృందం ప్రచురించిన ప్రయోగంలోనూ ఇదే కొలత: 15 నిమిషాలు, నాలుగు రోజులు. రాసిన వెంటనే మనసు బరువెక్కుతుందని అందులోనే తేలింది. కాబట్టి మొదటి రోజు దిగులు పెరిగితే పని చెడిందనుకోకండి.

అక్షరదోషాలు, వ్యాకరణం చూసుకోవద్దు. ఇంట్లో మాట్లాడే యాసలోనే రాయండి. తిరుపతి గంగ జాతరలో వేషం కట్టినవాళ్ళు నోటికొచ్చినట్టు తిట్టినా ఈ ఊళ్ళో ఎవరూ తప్పు పట్టరు. ఆ నాలుగు రోజులు కాగితానికి అంత చనువు ఇవ్వండి.

15 నిమిషాలు కాగానే మాట మధ్యలో ఉన్నా ఆపండి. లేచి నీళ్ళు తాగి, ఇరవై నిమిషాలు నడిచి రండి. నాలుగో రోజు రాతలో "కాబట్టి", "అందుకే" అన్న మాటలు రావడం మొదలైతే రాత కుదురుకుంటోందని గుర్తు. నాలుగు రోజులూ అదే తిట్టు అదే వరసలో తిరుగుతుంటే మూడో కార్డు పక్కన పెట్టి నాలుగో కార్డు మీద రాయండి.

7. ఎనిమిదో రోజు: ఒరకిల్ కార్డు

టారో కట్టకు ఒక లెక్క ఉంది. ఒరకిల్ కట్టకు లేదు, తయారుచేసినవాళ్ళ ఇష్టం. పైగా చాలావాటి మీద సందేశం అచ్చు వేసి ఉంటుంది. ముందే తీస్తే ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. అందుకే చివర, ఒక్కటే తీయాలి.

అచ్చు మాట కనబడకుండా కాగితం ముక్కతో కప్పి రెండు నిమిషాలు బొమ్మ చూడండి. తర్వాత ముక్క తీసి, ఆ ఇంగ్లీషు మాటను మీ ఇంటి తెలుగులోకి దించండి. కొన్ని కట్టల్లో "రిలీజ్" (వదిలెయ్) అనే కార్డు తగులుతుంది. దానికి మన దగ్గర ఒక మాట లేదు, నాలుగున్నాయి.

"పోనీలే" అంటే నష్టం ఒప్పుకున్నట్టు. "చేతులు దులుపుకున్నా" అంటే ఇక నా బాధ్యత కాదన్నట్టు. "క్షమించా" అంటే ఎదుటి మనిషితో లెక్క తీరినట్టు. "ఇక చాలు" అంటే నేను అలిసిపోయినట్టు. ఈ నాలుగూ ఒకటి కావు. మీరు చెప్పగలిగేది ఏదో తేల్చుకోండి. క్షమించకుండానే చేతులు దులుపుకోవచ్చు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. క్షమించడం పెద్దమనసని ఊదరగొట్టే ఒరకిల్ పుస్తకాలు ఈ తేడా చెప్పవు.

8. ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

నచ్చని కార్డు వస్తే ఇంకోటి తీయడం. రెండోది తీస్తే మూడోదీ తీస్తారు. నచ్చని కార్డు కింద "ఇది కాదు, ఎందుకంటే..." అని మూడు వాక్యాలు రాయండి. తరచూ అసలు మాట అందులోనే బయటపడుతుంది.

అవతలి మనిషి మనసు అడగడం. "అతను మళ్ళీ వస్తాడా", "అత్తకు పశ్చాత్తాపం ఉందా" అనే ప్రశ్నలకు కార్డులు సమాధానం ఇచ్చినట్టే ఉంటాయి, ఆశో కోపమో మళ్ళీ రాజుకుంటుంది. ప్రశ్నలో "నేను" లేకపోతే కొట్టేసి తిరగరాయండి.

ఒట్టు పెట్టుకోవడం. కాణిపాకంలో ప్రమాణం చేసినట్టు "ఇక జన్మలో తలుచుకోను" అనకండి. తలుచుకోకూడదన్నదే ఎక్కువ తలపుకొస్తుంది. వస్తే "వచ్చింది" అని నోటుబుక్కులో ఒక గీత గీసి పనిలో పడండి.

రోజూ వరస పెట్టడం. అదే ప్రశ్నకు నెలకు ఒక్క వరసే. రోజూ పెడితే వదలడం కాదు, రోజూ నెమరువేయడం.

హక్కును కూడా వదిలేయడం. ఇది డబ్బు నష్టం తెచ్చే పొరపాటు. ఆస్తి వాటా, భరణం, రావాల్సిన జీతం లాంటివి నడుస్తుంటే కాగితాలు చించకండి, మెసేజీలు చెరపకండి. మంటను కార్డుల దగ్గర వదలండి, హక్కు సంగతి వకీలుకు వదలండి.

9. తొమ్మిదో రోజు: కాగితం, పని

మొదటి అంచెలో రాసిన రెండో వాక్యాన్ని విడి కాగితం మీద పెన్సిలుతో రాయండి. ముక్కలుగా చించి గిన్నెడు నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున చేత్తో పిసికితే గుజ్జవుతుంది. పూలకుండీలో మట్టి కింద వేయండి. పెన్సిలు గీతలో సిరా ఉండదు కాబట్టి మొక్కకు ఇబ్బంది లేదు.

కాల్చాలనే ఉంటే మట్టి మూకుడులో అడుగున ఇసుక పోసి, పక్కన చెంబుడు నీళ్ళు పెట్టుకుని, ఆరుబయట, ఒక్క కాగితమే. భోగి దాకా ఆగగలిగితే వీధిలో మంట ఎలాగూ ఉంటుంది. అలిపిరి, శ్రీవారి మెట్టు దారుల్లో నిప్పు జోలికి పోవద్దు, చుట్టూ శేషాచలం అడవి. కపిలతీర్థం నీళ్ళలో కాగితాలు వేయడమూ తప్పే.

తర్వాత అయిదో కార్డు చెప్పిన పని. దానికి మూడు షరతులు:

- మూడు రోజుల్లో అయిపోవాలి.
- అరగంట మించకూడదు.
- ఎవరి జవాబు మీదా ఆధారపడకూడదు.

"అన్నకు ఫోన్ చేసి మాట్లాడతా" అనేది మూడో షరతుకు నిలవదు, ఆయన ఎత్తకపోతే పాత మంట రెట్టింపవుతుంది. "జరిగింది తేదీలతో ఒక పేజీ రాసి, పట్టా జిరాక్సులతో కలిపి బీరువాలో ఫైలులో పెడతా" అనేది నిలుస్తుంది. సాక్ష్యం ఫైలులో ఉంది, తలలో ఉండక్కర్లేదు.

10. 21వ రోజు: చూసుకోవడం

కార్డులు తీయకండి. మొదటి వాక్యం చదివి, మళ్ళీ 0 నుంచి 10 లోపు అంకె వేయండి.

రెండు అంకెలు తగ్గితే చాలు, సున్నా కోసం చూడకండి. ఏరుకున్న కార్డును కట్టలో కలిపి, 78 ఉన్నాయో లేదో లెక్కపెట్టి డబ్బా మూసేయండి.

అంకె పెరిగి 7 దాటితే కార్డులు పక్కన పెట్టి, మాట్లాడటానికి మనిషిని వెతుక్కోండి.

అంకె కదలకపోతే సాధారణంగా కారణం ఒకటే: రెండో వాక్యం అసలుది కాదు. నోటుబుక్కు తీసి ఆ నాలుగు రోజుల రాతలో మూడుసార్లకు మించి వచ్చిన మాటల కింద గీత గీయండి. మామిడితోట అని మొదలుపెట్టిన రాతలో "నాన్న" అన్న మాట పదిసార్లు కనబడితే, అన్నను పక్కన పెట్టి, "నాన్న ఉండి ఉంటే..." అని కొత్త వాక్యం మొదలుపెట్టండి. నెల తర్వాత మళ్ళీ మొదటి అంచె నుంచి.